కార్డు బాకీ సెటిల్ చేసుకున్నా.. ఇంటి రుణం వస్తుందా?

ప్రశ్న: మాది ఖమ్మం. ప్రైవేటు ఉద్యోగం, నెలకు రూ.78,000 చేతికొస్తాయి. లాక్‌డౌన్‌లో జీతం ఆగి క్రెడిట్ కార్డు బాకీ కట్టలేకపోయాను. 2021లో బ్యాంకువాళ్లు రూ.18,000 వదిలేసి సెటిల్‌మెంట్ చేశారు. ఇప్పుడు ఫ్లాటుకు రూ.35 లక్షల రుణం అడిగితే సిబిల్ స్కోరు 694 ఉందని ఒక బ్యాంకు కాదంది. ఇంకో బ్యాంకు 9 శాతం వడ్డీ అంటోంది. మా ఆఫీసులో ఒకరికి 8.5 శాతానికే ఇచ్చారు. మరో నాలుగు చోట్ల అప్లై చేద్దామంటున్నాడు ఏజెంటు. చేయమంటారా?

జవాబు: వద్దు. ముందు ఆయన్ని ఆపండి. అప్లై చేసిన ప్రతిచోటా బ్యాంకు మీ క్రెడిట్ రిపోర్టు (అప్పుల చరిత్ర) తీస్తుంది, ఆ ఎంక్వైరీ అందులో నమోదవుతుంది. తక్కువ రోజుల్లో అలాంటివి ఎక్కువైతే అప్పు కోసం తిరుగుతున్నారని అనుకుంటారు, స్కోరు ఇంకా తగ్గుతుంది. మీ రిపోర్టు మీరే చూసుకుంటే మాత్రం స్కోరుకేమీ కాదు. అప్పుల చరిత్ర నమోదు చేసి స్కోరు ఇచ్చే సంస్థలు సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ తీసుకోండి.

మీ జీతానికి 35 లక్షలు మోయలేని భారమేమీ కాదు. ఇబ్బందల్లా ఆ కార్డు ఖాతా ఎదుట ఉన్న ‘సెటిల్డ్’ అన్న మాటతోనే. బాకీ తీరిపోయిందని మీరనుకున్నారు. రుణం మంజూరు చేసే అధికారికి మాత్రం, ఒక బ్యాంకు మీ దగ్గర డబ్బు పోగొట్టుకుందని అర్థమవుతుంది. కష్టకాలంలో మరో దారిలేక ఒప్పుకున్న చాలామందికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. అది నాకు బాధ కలిగిస్తుంది.

ఆ కార్డు బ్యాంకుకు వెళ్లి, వదిలేసిన రూ.18,000 కడతానని రాతపూర్వకంగా అడగండి. కట్టాక నో డ్యూస్ సర్టిఫికెట్ (బాకీ ఏమీ లేదన్న పత్రం) తీసుకుని, ఖాతాను ‘క్లోజ్డ్’గా మార్చి పంపమనండి. ఆ మాట సిబిల్ తనంతట తాను మార్చదు, బ్యాంకు చెప్పాల్సిందే. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి వివరాలు పంపాలి కాబట్టి మునుపటంత ఆలస్యం ఉండదు. మారకపోతే సిబిల్‌కు ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆపై రోజుకు రూ.100 పరిహారం ఇవ్వాలన్నది ఆర్‌బీఐ నిబంధన.

ఇంత శ్రమ ఎందుకంటారా? 35 లక్షలకు ఇరవై ఏళ్ల గడువైతే ఈఎంఐ 9 శాతం మీద దాదాపు రూ.31,500, 8.5 మీద రూ.30,400. ఆ అర శాతం మొత్తమ్మీద రూ.2.7 లక్షలు! రెపో రేటు (ఆర్‌బీఐ బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ) తగ్గితే దానికి ముడిపెట్టిన రుణాలన్నిటికీ వడ్డీ తగ్గుతుంది గానీ, స్కోరు చూసి మీ మీద వేసిన అదనపు వడ్డీ అలాగే ఉంటుంది. తర్వాత స్కోరు పెరిగినా మీరే వెళ్లి అడగాలి.

‘క్లోజ్డ్’ అని పడగానే స్కోరు, బ్యాంకులు మంచిదనుకునే 750 దాటదు. ఆర్నెల్లయినా ఓపిక పట్టండి. ఈలోగా కార్డు వాడితే లిమిట్‌లో 30 శాతం లోపే వాడి, బిల్లు గడువులోగా పూర్తిగా కట్టండి. ఫ్లాటుకు ఇంకా బయానా ఇవ్వకపోతే అప్పటిదాకా ఇవ్వకండి. రుణం రాకపోతే ఆ డబ్బు తిరిగి రాబట్టుకోవడం చాలా కష్టం.