ప్రమాదకరంగా బండి నడిపితే ఏ శిక్ష న్యాయం?

ప్రాణం పోతే జైలు, ఎవరికీ ఏమీ కాకపోతే చిన్న జరిమానా. ఇది న్యాయమేనా అని అడిగారు.

పూర్తిగా కాదంటాను. ఇద్దరు ఒకేలా రెడ్ లైట్ దాటారనుకోండి. ఒకరికి ఎవరూ అడ్డు రాలేదు, ఇంకొకరి బండి కింద ఓ పిల్లవాడు పడ్డాడు. తప్పు ఒకటే, తేడా అదృష్టంలోనే. ప్రాణం పోయినచోట శిక్ష ఎక్కువ ఉండాల్సిందే, ఆ ఇంటివాళ్ల దుఃఖం చిన్నది కాదు. అలాగని మొదటివాణ్ణి తేలిగ్గా వదిలేస్తే రేపు మళ్లీ అదే చేస్తాడు.

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లు ఫోన్ చూస్తే బండి దాదాపు 33 మీటర్లు చూపు లేకుండా వెళ్లినట్టే. వేగం రెట్టింపైతే గుద్దుకునే శక్తి నాలుగు రెట్లవుతుంది. కాబట్టి పరిమితిని కాస్త దాటినవాణ్ణీ, రెట్టింపు వేగంతో దూసుకెళ్లినవాణ్ణీ ఒకే గాటన కట్టకూడదు. తాగి నడపడమైతే పొరపాటే కాదు, తాళం చేతిలోకి తీసుకున్నప్పుడే చేసిన నిర్ణయం.

జరిమానాతో ఇంకో చిక్కుంది. కూలివాడికి వారం సంపాదన పోయే మొత్తం, డబ్బున్నవాడికి లెక్కే కాదు. ఫిన్లాండ్‌లో 1921 నుంచే ఆదాయాన్ని బట్టి వేసే జరిమానాలున్నాయి. పెద్ద వేగం కేసులకు అక్కడ ఆ పద్ధతే. నాకు ఇది సరైనదనిపిస్తుంది. పదేపదే అదే తప్పు చేసేవాళ్లకు మాత్రం డబ్బుతో పని లేదు, లైసెన్స్ రద్దు చేయాలి.