చివరి రోజు పని ముందు రాత్రే

చిన్నా,

ఆశీస్సులు. మీ ఫ్రెండ్స్ చలికాలం టూర్‌కి నువ్వు పంపిన ప్లాన్ చూశాను. అన్ని రోజులకూ గంట గంటకూ ఏం చేస్తారో రాసుకున్నారు, చివరి రోజు దగ్గర మాత్రం 'రిటర్న్' అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. ఫ్లైట్ రాత్రికి కదా, మరి పగలంతా ఏం చేస్తారు? ఫ్రెండ్స్‌తో వెళ్ళిన టూర్లలో మొహాలు మాడేది ఆ పగలే. చేయడానికేమీ లేనట్టే ఉంటుంది కానీ సామాన్లు, లెక్కలు, అలసట అన్నీ ఒకేసారి మీద పడతాయి. అందుకే వాటిలో సగం ముందు రాత్రే తెమల్చేసుకోండి.

అసలు చలికాలంలో పగలే తక్కువ. ఉత్తరార్ధగోళంలో డిసెంబర్ 21 అటూ ఇటూగా ఏడాది మొత్తంలోకీ చిన్న పగలు. మీరు వెళ్ళేంత ఉత్తరాన సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. హోటల్ చెకౌట్ మామూలుగా 11కో 12కో ఉంటుంది. లేచి, సర్దుకుంటూ, ఛార్జర్ వెతుక్కుంటూ అక్కడిదాకా లాగారంటే మీకు దక్కే వెలుతురు నాలుగైదు గంటలే.

ముందు రాత్రి తడిసిన బూట్లలో పాత పేపర్లు ఉండలు చేసి కుక్కు, తేమ పీల్చుకుంటాయి. పడుకునే ముందు ఒకసారి మార్చు. హీటర్ మీద పెట్టావంటే అడుగు ఊడి చేతికొస్తుంది. గాజు బుడ్డిలో మంచు రాలే బొమ్మలు కొంటారుగా, అందులో ఉండేది నీళ్ళే. చేతి సంచిలో 100 మి.లీ. దాటిన ద్రవాలు చాలా ఎయిర్‌పోర్టుల్లో ఇప్పటికీ ఒప్పుకోరు, కాబట్టి ఆ బొమ్మ పెద్ద పెట్టెలోకి పోవాలి. పవర్ బ్యాంక్ దీనికి సరిగ్గా రివర్స్, పెద్ద పెట్టెలో అసలు పెట్టకూడదు. 100 వాట్ అవర్లు (బ్యాటరీలో పట్టే శక్తి లెక్క) దాటనంత వరకూ చేతి సంచిలో తీసుకెళ్ళొచ్చు. నీది 20,000 ఎంఏహెచ్‌దే, సుమారు 74 వాట్ అవర్లు వస్తుంది, టెన్షన్ లేదు.

ఇక లెక్కలు. ఇది మాత్రం కాస్త శ్రద్ధగా చదువు. ఎయిర్‌పోర్ట్ గేటు దగ్గర నిద్రమొహాలతో, 'ఆ మొదటి రోజు టాక్సీ ఎవరిచ్చారు?' అని మొదలుపెడితే తేలేది తక్కువ, చెడేది ఎక్కువ. ఆఖరి రాత్రి తిన్నాక, అందరూ కూర్చుని ఉండగానే, ఖర్చులు రాసినవాడు పైకి చదవాలి. ప్రతి ఖర్చుకీ ఒకడు ఇంకొకడికి పంపుకుంటూ కూర్చోకండి. మొత్తం ఖర్చుని తలకింత వేయండి. ఎక్కువ పెట్టినవాడికి రావాల్సిందెంత, తక్కువ పెట్టినవాడు ఇవ్వాల్సిందెంత, అంతే. నలుగురికి మూడు బదిలీలతో తేలిపోతుంది. ఒకడు రాని చోటుకి వాడి పేరు మీద టికెట్ ఖర్చు వేయకండి. చిల్లర దగ్గర మాత్రం పట్టుదలకి పోవద్దు, రౌండ్ చేసేయండి. డబ్బు అక్కడే ఫోన్లో పంపించేయాలి. 'ఇంటికెళ్ళాక ఇస్తా' అన్నది ఎవరికీ గుర్తుండదు, ఇవ్వాల్సినవాడికి అసలే ఉండదు.

పగటికి ఒక్క చోటు చాలు. అది ఊరి చివర ఉండకూడదు, సామాన్లు పెట్టిన చోటికి దగ్గరగా ఉండాలి, పైన కప్పుండాలి. ఎంచుకునే హక్కు ఇన్నాళ్ళూ 'మీ ఇష్టం' అంటూ వచ్చినవాడికి ఇవ్వండి. మ్యూజియం అయితే ఆ రోజు తెరిచి ఉంటుందో లేదో చూసుకోండి, సోమవారం మూసేసేవి చాలా ఊళ్ళలో ఉన్నాయి. ఎవరైనా విడిగా తిరుగుతానంటే తిరగనివ్వండి, అలగక్కర్లేదు. రోజుల తరబడి ఒకే బాత్రూమ్ పంచుకున్నాక మనిషికి కాసేపు ఒంటరిగా ఉండాలనిపించడం సహజం. మళ్ళీ కలిసే చోటు మాత్రం లోపల పెట్టుకోండి. సున్నా డిగ్రీల చలిలో, వీధిలో, పావుగంట కాపలా కాసినవాడి నోటి వెంట వచ్చే మాటలు స్నేహానికి మంచివి కావు.

చెకౌట్ అయ్యాక సామాన్లు రిసెప్షన్లో ఉంచుకుంటారా అని ఒక్కటే అడిగితే సరిపోదు, సాయంత్రం ఎన్నింటిదాకా అక్కడ మనిషి ఉంటారో కూడా అడుగు. ఎయిర్‌పోర్ట్ దారికి హోటల్ ఎదురు దిక్కులో ఉంటే స్టేషన్ లాకర్ నయం. పాస్‌పోర్ట్, మందులు నీతోనే ఉండాలి.

ఫోన్ లోపలి జేబులో పెట్టుకో. చలికి బ్యాటరీ గబగబా దిగిపోతుంది, ఒక్కోసారి 30 శాతం ఉండగానే ఆఫ్ అయిపోతుంది. వెచ్చబడ్డాక మళ్ళీ వస్తుందనుకో, కానీ అప్పటికి రైలు పోతుంది. అందుకని బోర్డింగ్ పాస్‌లు ఇద్దరి ఫోన్లలో ఉంచండి.

మంచు పడితే బస్సులూ రైళ్ళూ నెమ్మదిస్తాయి. రెక్కల మీద మంచు తీయడానికి విమానం ఆలస్యమవ్వొచ్చు, కానీ చెకిన్ కౌంటర్ మాత్రం తన టైముకి మూసేస్తుంది, విదేశీ ప్రయాణాలకి ఎక్కువగా గంట ముందు. ఆలస్యం అవుతుందిలే అని మీరూ నింపాదిగా రాకండి. అనుకున్నదానికంటే ఒక రైలు ముందే ఎక్కండి. మిగిలిన నాణేలు దారిలోనే ఖర్చు పెట్టేయండి, డబ్బు మార్చే కౌంటర్లు ఎక్కువగా నోట్లే తీసుకుంటాయి.

ఉంటాను.
మీ పెద్దమ్మ

తా.క.: కొన్న వస్తువుల మీద పన్ను వాపసు తీసుకునేట్టయితే కస్టమ్స్ వాళ్ళు సరుకు చూపించమనొచ్చు. పెట్టె అప్పజెప్పకముందే వాళ్ళ స్టాంపు వేయించుకోవాలి. కాబట్టి మీ చెల్లి కోటు పెట్టెలో అన్నిటికంటే పైన పెట్టు, బిల్లుతో సహా.