మైనర్ పిల్లల వాటా అమ్మాలంటే తల్లి సంతకం చాలదు

ప్రశ్న: మా వారు నిరుడు వీలునామా రాయకుండానే పోయారు. ఆయన సొంత సంపాదనతో 2014లో గుంటూరు దగ్గర 12 లక్షలకు కొన్న స్థలానికి ఇప్పుడు 40 లక్షల బేరం వచ్చింది. అత్తయ్య, నేను, 14 ఏళ్ల పాప, 10 ఏళ్ల బాబు ఉన్నాం. పిల్లల తరఫున నేను సంతకం పెడితే సరిపోతుందని దస్తావేజు లేఖరి అంటున్నారు. నిజమేనా?

జవాబు: సరిపోదండీ. హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ నలుగురికీ తలా పావు వాటా. అంటే సగం స్థలం పిల్లలదే. తండ్రి తర్వాత సహజ సంరక్షకురాలు మీరే అయినా, వాళ్ల స్థిరాస్తి అమ్మడానికి, తాకట్టుకు 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 8వ సెక్షన్ కింద కోర్టు అనుమతి ముందే ఉండాలి. పిల్లల తరఫున మీ పేరిట హక్కు విడుదల పత్రం రాసుకోవడం కూడా కుదరదు.

అనుమతి లేకుండా రిజిస్టర్ చేస్తే ఆ పత్రం వెంటనే చెల్లకుండా పోదు. చిక్కంతా అక్కడే ఉంది. పిల్లలు 18 నిండాక మూడేళ్లలోపు దాన్ని రద్దు చేయించుకోవచ్చు. దావా వేయకుండా తమ వాటాను మరొకరికి అమ్మినా పాత అమ్మకాన్ని కాదన్నట్టేనని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. బాబుకు 21 వచ్చేదాకా, అంటే మరో 11 ఏళ్లు, కొన్నవారికి నిద్ర ఉండదు. వాళ్లు బ్యాంకు లోనుకు వెళ్తే లీగల్ ఒపీనియన్ (బ్యాంకు లాయరు పరిశీలన) దగ్గరే ఫైలు ఆగుతుంది.

స్థలం ఉన్న జిల్లా కోర్టులో పిటిషన్ వేయండి. మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, పిల్లల జనన ధ్రువపత్రాలు, లింకు డాక్యుమెంట్లు (స్థలం పాత దస్తావేజులు), ఈసీ (స్థలంపై లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), సబ్ రిజిస్ట్రార్ ఇచ్చే మార్కెట్ విలువ పత్రం జతచేయాలి. అవసరం గానీ, పిల్లలకు స్పష్టమైన మేలు గానీ కనిపిస్తేనే కోర్టు ఒప్పుకుంటుంది. ‘చదువుల కోసం’ అని ఒక్క ముక్క రాస్తే నిలవదు. ఫీజు రసీదులు, అప్పు ఉంటే దాని కాగితాలు పెట్టండి. కొనేవారితో రాసుకునే అగ్రిమెంటులో గడువు ‘కోర్టు ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి’ అని రాయించండి. మూడు నెలలని రాసి పెద్ద అడ్వాన్సు తీసుకున్నవాళ్లే ఎక్కువగా ఇరుక్కుంటారు.

పిల్లల 20 లక్షలను సాధారణంగా వాళ్ల పేరిట 18 నిండేదాకా బ్యాంకు ఎఫ్‌డీలో వేయమంటారు. ఆ డబ్బుతో ఫ్లాటు కొందామన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. వడ్డీని ఫీజులకు తీసుకునేందుకు అనుమతి మాత్రం అదే పిటిషన్‌లో అడగండి.

పన్ను సంగతి చాలామంది మరిచిపోతారు. లాభం 28 లక్షలు. అత్తయ్య వాటా 7 లక్షలు ఆవిడ లెక్కలోకి వెళ్తాయి. మైనర్ల ఆదాయం మీ ఆదాయంలోనే కలుస్తుంది కాబట్టి మిగతా 21 లక్షలు మీ రిటర్నులోకే వస్తాయి. 12.5 శాతం చొప్పున 2,62,500, సెస్సుతో 2,73,000. ఇండెక్సేషన్‌తో (కొన్న ధరను ద్రవ్యోల్బణం మేరకు పెంచి) 20 శాతం లెక్క వేసుకున్నా ఇంతకంటే ఎక్కువే పడుతుంది. ఇందులో 1,82,000 పిల్లల వాటాపై పడే పన్ను. వాళ్ల డబ్బేమో ఎఫ్‌డీలో ఉంటుంది, కట్టాల్సింది మీ చేతి నుంచి. అందుకే ఆ పన్నును వాళ్ల వాటాలోంచే మినహాయించుకోనివ్వమని కూడా పిటిషన్‌లోనే రాయించండి.