టెస్టింగ్ అంటే చిన్నచూపు ఎందుకు?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె, రొయ్యల సాగు. మా అమ్మాయి భీమవరంలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరం. క్యాంపస్ ఇంటర్వ్యూలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం వచ్చింది. ‘కోడింగ్ రానివాళ్లకు ఇచ్చే పని అది, స్నేహితుల ముందు తలెత్తుకోలేను’ అంటూ చేరనంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: పని నచ్చలేదని మీ అమ్మాయి అనడం లేదు, నలుగురూ తక్కువగా చూస్తారంటోంది. కాకినాడ, అమలాపురం పిల్లల నోటా ఇదే మాట వింటుంటాను. టెస్టర్ రోజంతా ఏం చేస్తారని అడిగితే మాత్రం చాలామంది చెప్పలేరు.

సాఫ్ట్‌వేర్‌ను జనం చేతికి ఇచ్చేముందు అందులో లోపాలు వెతికి పట్టుకోవడమే ఆ పని. మీకైతే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. సీడు (రొయ్య పిల్లలు) చెరువులో వదిలేముందు పీసీఆర్ పరీక్ష చేయించి, తెల్లమచ్చ వైరస్ లేదని తేలాకే వదులుతారు కదా. ఆ పరీక్ష చేసేవారిని హేచరీ నడపడం చేతకానివారని ఎవరైనా అంటారా?

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా సంస్థ పంపిన ఒక అప్‌డేట్ వల్ల ప్రపంచమంతటా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కుప్పకూలాయి. మన విమానాశ్రయాల్లోనూ బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. 21 విలువలు అందాల్సిన చోట ప్రోగ్రాం 20 మాత్రమే అందించడం అందుకు కారణం. అంతకుముందు జరిపిన పరీక్షల్లో ఆ 21వ గడికి ‘ఏదైనా సరే’ అన్న గుర్తు పెట్టడంతో లోపం బయటపడలేదు. ‘అక్కడ నిజమైన విలువ పెడితే ఏమవుతుంది?’ అని అడగగలిగేవారే మంచి టెస్టర్లు. ప్రోగ్రాం లోపల ఏం జరుగుతుందో తెలియనివారికి ఆ ప్రశ్న తట్టడం కష్టం.

అయితే మీ అమ్మాయి భయాన్ని పూర్తిగా కొట్టిపారేయను. ఏళ్ల తరబడి అవే తెరలు తెరిచి అవే బటన్లు నొక్కే మాన్యువల్ టెస్టింగ్‌లోనే ఉండిపోతే ఎదుగుదల ఆగిపోతుంది. అందుకే చేరేముందు కంపెనీని సూటిగా అడగమనండి: ఆటోమేషన్ (ప్రోగ్రాం రాసి పరీక్షలు వాటంతటవే జరిగేలా చేయడం) పని ఉంటుందా, ఏ ప్రోగ్రామింగ్ భాషలో? కొంతకాలం తర్వాత డెవలప్‌మెంట్‌కు మారవచ్చా? బాండ్ షరతులు ఏమిటి? జవాబులు తృప్తిగా ఉంటే జావా లేదా పైథాన్, డేటాబేస్‌లో సమాచారం వెతికే ఎస్‌క్యూఎల్, వెబ్‌సైట్ల పరీక్షను ఆటోమేట్ చేసే సెలీనియం ఇప్పుడే మొదలుపెట్టాలి. టెస్టర్లకు ఇచ్చే అంతర్జాతీయ ఐఎస్‌టీక్యూబీ సర్టిఫికెట్‌కు తొందర లేదు. తొలి స్థాయి పరీక్షలో 40 ప్రశ్నలకు 26 మార్కులు వస్తే చాలు, ఉద్యోగంలో చేరాకైనా రాసుకోవచ్చు. లక్షలు అడిగే కోచింగ్ సెంటర్ల జోలికి మాత్రం వెళ్లకండి.

ఈ ఆదివారం తను రోజూ వాడే ఏదో ఒక యాప్ తీసుకుని అందులో లోపాలు వెతకమనండి. ఏ లోపం ఎప్పుడు వస్తోందో, మళ్లీ రప్పించాలంటే ఏ వరుసలో ఏం నొక్కాలో రాయమనండి. వెతకడంలో మునిగిపోతే ధైర్యంగా చేరమనండి. గంటకే విసుగు పుడితే బలవంతపెట్టకండి, డెవలపర్ ఉద్యోగానికి ప్రయత్నించేందుకు కొన్ని నెలల గడువు ఇవ్వండి.