నానో వైద్యం రేపటిది కాదు, మా మావయ్యకు 2021లోనే ఎక్కించారు

నానో టెక్నాలజీ వైద్యాన్ని, తయారీ రంగాన్ని మార్చేస్తుందంటున్నారు, అది ఎప్పటికి వస్తుంది, మా అబ్బాయిని ఆ కోర్సులో చేర్చవచ్చా అని అడిగారు. వైద్యంలో అది వచ్చేసి ముప్పై ఏళ్లయింది. రక్తంలో ఈదే బుల్లి రోబోల బొమ్మలు చూసీ చూసీ అసలుది ఎదురుపడినా గుర్తుపట్టం. నాకు అది ఎదురుపడింది 2021 మేలో.

కోవిడ్ తగ్గి ఇంటికొచ్చిన పది రోజులకు మా మావయ్యకు ఒక పక్క ముఖం వాచింది, పై పళ్లు కదిలాయి. షుగర్ ఉంది, పైగా స్టెరాయిడ్లు వాడారు. బ్లాక్ ఫంగస్ అన్నారు. దానికి మందు ఆంఫోటెరిసిన్-బి. 1950ల నాటి మందే. ఫంగస్‌ను చంపుతుంది, కిడ్నీలనూ వదలదు. లైపోసోమల్ రకం ఎక్కడా దొరక్క మొదటి మూడు రోజులు మామూలుదే ఎక్కించారు. గంట తిరిగేసరికి వణుకు. రెండు దుప్పట్లు కప్పి అత్తయ్యా నేనూ పట్టుకుని కూర్చున్నా మంచం ఊగేది. కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 1.1 నుంచి 2.3కి వెళ్లింది.

లైపోసోమల్ అంటే వేరే మందేమీ కాదు. అదే మందును 100 నానోమీటర్ల కంటే చిన్న కొవ్వు బుడగల పొరలో ఇమిడ్చి పెడతారు. వెంట్రుక మందంలో సుమారు వెయ్యో వంతు. ఆ పొరలో ఉన్నంతసేపూ మందు కిడ్నీ జోలికి పెద్దగా పోదు. కిలోకు 5 మిల్లీగ్రాముల లెక్కన 60 కిలోల మావయ్యకు రోజుకు 300. వయల్‌కు 50, అంటే రోజుకు ఆరు. ఆ ఆరింటి కోసం మా బంధువులంతా ఫోన్లు పట్టుకుని తిరిగారు. ఫార్మసీ చదివినవాణ్ని కాబట్టి కలిపేటప్పుడు పక్కనే ఉండేవాణ్ని. ఒక రాత్రి కంగారులో సెలైన్ బాటిల్ తీశారు, గట్టిగా అరిచి ఆపాను. 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోనే కలపాలి, సెలైన్ తగిలితే పాలు విరిగినట్టు విరిగిపోతుంది. వణుకు పోయింది, క్రియాటినిన్ మెల్లగా దిగింది. పై దవడ ఒక పక్క తీసేయాల్సి వచ్చింది కానీ మనిషి దక్కాడు.

మందు ఎందుకు దొరకలేదో తర్వాత ఒక ఇంజెక్షన్ల ప్లాంటులో చేరాక తెలిసింది. బ్లాక్ మార్కెట్ సంగతి అలా ఉంచితే, ఆ బుడగలన్నీ ఒకే సైజులో రావడం చాలా కష్టం. వేడి చేసి స్టెరిలైజ్ చేస్తే పాడవుతాయి, అందుకని సూక్ష్మజీవులను ఆపే 0.2 మైక్రాన్ (200 నానోమీటర్ల) ఫిల్టర్‌లోంచి పంపాలి. సైజు పెరిగితే ఫిల్టర్ మూసుకుపోతుంది. తర్వాత బుడగ పగలకుండా గడ్డకట్టించి ఆరబెట్టాలి. ట్యాంకు పెద్దది పెట్టినంత మాత్రాన సరుకు రెట్టింపు కాదు, కలిసే తీరే మారిపోతుంది. మీరు వైద్యం, తయారీ అని విడిగా అడిగారు గానీ, నా లెక్కలో రెండూ ఒకటే.

ఈ దారిలో 1995లో అమెరికాలో అనుమతి పొందిన లైపోసోమల్ డాక్సోరుబిసిన్ అనే క్యాన్సర్ మందు గుండెకు హాని తగ్గించింది, అరచేతులు, అరికాళ్లు మాత్రం ఎర్రబడి పొక్కుతాయి. ఎంఆర్ఎన్ఏ కోవిడ్ టీకాలూ కొవ్వు నానో కణాల్లోనే వచ్చాయి. (మనలో ఎక్కువమంది వేయించుకున్న కోవిషీల్డ్, కోవాగ్జిన్‌లలో అవి లేవు.) అయితే "నేరుగా క్యాన్సర్ గడ్డకే వెళ్తుంది" అంటే నమ్మకండి. పదేళ్ల ప్రయోగ ఫలితాలను 2016లో లెక్కగడితే, సగం ప్రయోగాల్లో ఎక్కించిన మోతాదులో గడ్డకు చేరింది 0.7 శాతం లోపే. ఎక్కించిన దాంట్లో చాలా భాగాన్ని కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి.

మిగతా తయారీ రంగంలో పేరే ఎక్కువ. "3 నానోమీటర్ల చిప్" అన్నది మార్కెట్ పేరు, లోపల ఆ కొలత ఉండదు. టైర్లలో కలిపే కార్బన్ బ్లాక్ అనే మసి పొడి మాత్రం నానో అనే మాట పుట్టకముందు నుంచీ నానోనే.

అబ్బాయిని కెమికల్ ఇంజనీరింగ్‌లోనో ఫార్మసీలోనో చేర్చండి, నానో పీజీలో చూసుకోవచ్చు. మా ప్లాంటులో దొరకనిది ఐదు లీటర్లలో వచ్చిన కణం సైజును ఐదువందల లీటర్లలోనూ రప్పించగల మనిషి.