ఆంథియస్ చేపను అంగట్లోనే తినిపించి చూసి కొనండి

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గరి పల్లె. ఎకరం చెరువులో బొచ్చె, రవ్వ, మ్రిగాల పెంచుతున్నాను. ఇంట్లో 250 లీటర్ల సముద్రపు నీటి ట్యాంకు పెట్టి ఏడాది దాటింది. పగడాలు, రెండు క్లౌన్ చేపలు బాగున్నాయి. హైదరాబాద్ నుంచి నాలుగు నారింజ రంగు ఆంథియస్ చేపలు తెచ్చి, రోజూ పొద్దున ఒకసారి గుళికల మేత వేశాను. నెల తిరిగేలోగా మూడు చనిపోయాయి. ఒంటి మీద మచ్చలు లేవు, వీపు మాత్రం కత్తిలా సన్నబడింది. మిగిలినది ఊదా రంగుకు తిరుగుతోంది. ఇది రోగమా? మళ్లీ ఏ రకం తేవాలి? పిల్లలు తీసి అమ్ముకోవచ్చా?

జవాబు: ముందు బతికున్న చేప సంగతి. దానికి రోగమేమీ లేదు, అది మగదిగా మారుతోంది. ఆంథియస్‌లు మొదట ఆడవిగా పెరుగుతాయి. గుంపులో మగది లేకపోతే ఆడవాటిలో పెద్దది కొద్ది వారాల్లో ఆ స్థానంలోకి వస్తుంది. మీరు తెచ్చినవి లైర్‌టెయిల్ ఆంథియస్‌లు అయి ఉండాలి. ఆడది నారింజ రంగు, మగది ఊదా కలిసిన ఎరుపు. వీపు రెక్కలో మూడో ముల్లు వెంట్రుకలా పొడుగ్గా సాగడం మొదలైతే ఇక అనుమానం అక్కర్లేదు.

చనిపోయిన మూడింటినీ, మీరు రాసినదాన్ని బట్టి, ఆకలే చంపింది. మేత వేస్తూనే ఉన్నాను కదా అంటారు. మీ చెరువునే చూడండి. బొచ్చె పై నీటిలో జంతుప్లవకాలు, అంటే నీటిలో కొట్టుకుపోయే చిన్న చిన్న జీవులు, తిని బతుకుతుంది. మీరు పేడ వేస్తే ప్లవకాలు పుడతాయి, ఒక పూట తవుడు, చెక్క వేయకపోయినా దానికి లోటుండదు. ఆంథియస్‌ది కూడా జంతుప్లవకాల తిండే. పగడపు దిబ్బ మీద ప్రవాహానికి ఎదురుగా ఈదుతూ, కొట్టుకొచ్చే నలుసులను పొద్దంతా ఒక్కొక్కటిగా ఏరుకుంటుంది. అద్దాల ట్యాంకులో ఆ నలుసులు ఎక్కడి నుంచి వస్తాయి? గుళిక ఇసుకలోకి దిగిందంటే మ్రిగాల అయితే వెతుక్కుని తింటుంది, ఆంథియస్ దాని వైపు తిరిగి కూడా చూడదు. రోజుకు ఒక్కసారి మేత దానికి ఉపవాసంతో సమానం.

రోజుకు మూడు నాలుగు సార్లు, చిటికెడు చొప్పున పెట్టండి. గడ్డకట్టించి అమ్మే మైసిస్ (సన్న రొయ్యల్లాంటి జీవులు) ముక్కను చిన్న గిన్నెలో ట్యాంకు నీళ్లు పోసి కరగనిచ్చి, పైన తేలే జిడ్డు నీరు వంపేసి, డ్రాపర్‌తో పీల్చి పంపు ముందు వదలండి. నలుసులు నీటి వాలులో పరుగెత్తుతాయి, చేపలు ఎదురొచ్చి పట్టుకుంటాయి. మొదటి పది రోజులు ఆర్టీమియా, కోపిపాడ్లు (రెండూ రొయ్య జాతికి దగ్గరి చిన్న జీవులే), చేప గుడ్లు మార్చి మార్చి ఇవ్వండి. అవి చురుగ్గా తింటున్నప్పుడే సన్న గుళికలు కొంచెం కలిపి అలవాటు చేయాలి. పొలానికి వెళ్లే మనిషికి పగటి మేత కుదరదు కాబట్టి ఆ పూటకు గుళికలు రాల్చే యంత్రం పెట్టుకోండి.

మేత పెరిగితే నైట్రేటు, ఫాస్ఫేటు పెరిగి నాచు పడుతుంది. దానికి భయపడి మేత తగ్గించడమే ఎక్కువమంది చేసే పొరపాటు. నీటిలోని మలినాలను నురగగా తీసే ప్రోటీన్ స్కిమ్మర్ పెద్దది పెట్టి, వారానికి పదో వంతు నీరు మార్చండి, మేత మాత్రం తగ్గించకండి. ఇక్కడ నీటి విషయంలో ఒక జాగ్రత్త. మన నల్గొండ బోరు నీటిలో ఫ్లోరైడ్, లవణాలు ఎక్కువ. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు. మనుషుల కోసం వచ్చిన ఆ పద్ధతి నీరు పగడాలకు పనికిరాదు. ఆర్వో తర్వాత, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ గొట్టం కూడా దాటించి, కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపాకే సముద్రపు ఉప్పు కలపండి. సాంద్రత 1.025 ఉండాలి.

రకం ఎంపికకు వస్తే, లైర్‌టెయిల్ గుంపుకు 500 లీటర్లయినా కావాలి. మీ ట్యాంకులో బలమైనది మిగతావాటిని మూలకు తోస్తుంది, మూలకు పోయింది తిండికి రాదు. ఇప్పుడున్న దాన్ని ఒంటరిగానే ఉంచుకోండి. పక్కన కొత్త ఆంథియస్‌లను వదిలితే వాటిని బతకనివ్వదు. దాన్ని వేరొకరికి ఇచ్చేసేటట్లయితే మూడు బార్ట్‌లెట్ ఆంథియస్‌లు తెచ్చుకోవచ్చు. అవి దాదాపు 9 సెంటీమీటర్లే పెరుగుతాయి, మేతకు త్వరగా వస్తాయి. మూడింటిలో ఒక్కటే మగది ఉండాలి. పర్పుల్ క్వీన్, ఈవాన్స్ రకాల రంగు చూసి మాత్రం మనసు పారేసుకోవద్దు. ఆ రంగుకు నేనూ ముచ్చట పడతాను, కానీ వాటి చేత తినిపించడం అనుభవజ్ఞులకే కష్టం.

అంగట్లో చేప వచ్చి వారమైనా అయిందా అని అడగండి. మీ ఎదుటే మేత వేయమనండి. నలుసు మీదికి దూకి పట్టాలి, నోట్లో వేసుకుని ఉమ్మేసే చేప వద్దు. తల వెనుక వీపు గుంట పడినా, పొట్ట లోపలికి పోయినా, తోక పైకి తేలుతూ ఈదినా బేరం ఆడకుండా వచ్చేయండి. అన్నట్టు, మన సముద్ర తీరంలో తీసిన పగడాలు అమ్మజూపితే కొనవద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద అవి రక్షిత జీవులు.

తెచ్చిన వాటిని నాలుగు వారాలు వేరే తొట్టిలో ఉంచండి. ఉప్పు రేణువుల్లాంటి తెల్ల చుక్కలు కనిపిస్తే రాగి మందు ఆ తొట్టిలోనే వాడాలి. చెరువు నాచుకు మైలుతుత్తం వేసే చేతి అలవాటు మీకు ఉంటుంది, అదీ రాగిదే. పగడాలున్న ట్యాంకులో రాగి పడితే రొయ్యలు, నత్తలు, పగడాలు పోతాయి.

ఎండాకాలం నీరు 26 డిగ్రీల దగ్గర నిలవాలంటే మన దగ్గర చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) తప్పదు. ఫ్యాను గాలి రెండు మూడు డిగ్రీలే తగ్గిస్తుంది, పైగా నీరు ఆవిరవుతుంది. ఆ లోటును ఉప్పు కలపని ఆర్వో, డీఐ నీటితోనే పూడ్చాలి, ఉప్పునీటితో కాదు. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ముందు నడవాల్సింది పంపు, ఆ తర్వాతే లైటు. ట్యాంకుపై సన్న వల బిగించండి. బెదిరితే ఇవి బయటికి దూకుతాయి.

పిల్లలు తీసి అమ్మే ఆలోచన విరమించుకోండి. గుడ్లు నీటిలో తేలిపోతాయి, పిల్లలు కంటికి ఆనవు, వాటి నోటికి పట్టేంత సన్న మేత వారాల తరబడి అందించాలి. పెట్టుబడి పెట్టదలిస్తే చెరువు మీద పెట్టండి. కొర్రమీను పెంపకం గురించి అడుగుతూ ఇంకో ఉత్తరం రాస్తే వివరంగా చెబుతాను.