‘మాకొద్దీ’లో కొద్ది లేదు

సందేహం: గరిమెళ్ల సత్యనారాయణ గారి పాట ఒక పుస్తకంలో ‘మా కొద్దీ తెల్లదొరతనము’ అని ఎడంగా అచ్చయింది. ‘ఓపిక కొద్దీ’లోని కొద్దీ, ఇదీ ఒకటేనా? ఇలాంటివి నిరసన గీతాలా, నిరశన గీతాలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: అమ్మా, రెండోది ముందు తేల్చేస్తాను. నిరశన అంటే తిండి మానడం. పాటకు నిరసనే తగును.

ఇక మొదటిది. మాకు + ఒద్దు + ఈ. మీరు పొరబడటానికి కారణం లేకపోలేదు. కొలది అరిగి కొద్ది అయినట్టే, వలదు అరిగి వద్దు అయింది. రెంటిలోనూ ‘ల’ జారిపోయి ‘ద’కు ఒత్తు వచ్చింది. వలయు అంటే కావాలి, వలదు అంటే అక్కర్లేదు. వలపు కూడా ఆ ఇంటి మాటేనని నా నమ్మకం.

ఇక్కడ పోతనను తలచుకోకుండా ముందుకు పోలేను. వామనుడికి దానమివ్వబోయే బలిని ఆపుతూ శుక్రాచార్యుడు ‘వలదీ దానము గీనమున్’ అంటాడు. అక్కడ వలదు + ఈ, ఇక్కడ వద్దు + ఈ. కట్టుబడి ఒకటే. కానీ అక్కడ వలదన్నది రాజగురువు. మాట చెల్లకపోయినా ఆయన పీట ఆయనకుంది. ఇక్కడ ఒద్దన్నది ఏలుబడి కింద నలిగే జనం. ‘నాకు’ కాదు, ‘మాకు’. దొరకు అర్జీ పెట్టుకోలేదు, ‘దేవా’ అని దేవుడికే చెప్పుకున్నారు. వెంటనే ‘మా ప్రాణాలపై పొంచి మానాలు హరియించె’ అన్నారు. ఆ మానం మనిషన్న ప్రతివాడిదీ. మనం దాన్ని ఆడవాళ్ల మీద జరిగే నేరాల వార్తలకే కుదించేశాం. సహాయ నిరాకరణ రోజుల్లో, 1922లో, గరిమెళ్ల వారికి ఏడాది కఠిన శిక్ష పడింది.

మా పెదనాన్న ఈ పాట పాడుతూ ‘ఒద్దీ’ దగ్గర అరచెయ్యి ముందుకు తోసేవాడు. నాలుక పళ్లకు తగిలే ఆ ఒత్తులోనే ఉంది బలమంతా. ఇంత మాట చేతిలో ఉండగా ‘అవినీతికి నో చెబుదాం’ అని బ్యానర్లు కడుతున్నారు. ‘అవినీతి వద్దు’ అంటే ఏం తక్కువైంది?

రాతలో వద్దు మొదట వకారం ఉంది కాబట్టి ‘మాకు’ పక్కన సంధి కుదరదని వ్యాకరణం పట్టుకున్నవారు అనవచ్చు. నోట మాత్రం అది ఒద్దే. కాబట్టి ‘మాకొద్దీ’ అని కలిపి రాయమంటాను. పాట నడక కోసం విడదీసినవారిని తప్పుపట్టలేను. మామూలు వ్యాసంలో ‘ఒద్దు’ అని రాయవచ్చా అంటే, నేనింకా ‘వద్దు’ అనే రాస్తున్నాను.